డబ్ల్యూడీజీ-4: చక్రం కింద పట్టు మార్చిన గూడ్స్ ఇంజన్

డీజిల్ ఇంజన్ల గురించి ఏ ఇద్దరు మాట్లాడుకున్నా ముందు నోటికొచ్చేది హార్స్‌పవర్. డబ్ల్యూడీఎం-2కి 2600, డబ్ల్యూడీజీ-3ఏకి 3100, డబ్ల్యూడీజీ-4కి 4000. ఈ వరస చూస్తే మన గూడ్స్ ఇంజన్ల చరిత్ర అంటే హార్స్‌పవర్ పెరుగుతూ రావడమే అనిపిస్తుంది. కానీ లూప్ లైన్‌లో (స్టేషన్ పక్క పట్టా మీద) నిలబడిపోయిన బొగ్గు రేక్‌ని (వ్యాగన్ల వరసని) కదిలించేటప్పుడు ఈ అంకె దాదాపు అక్కరకు రాదు. పవర్ అంటే బలాన్ని వేగంతో గుణించగా వచ్చేది. నిలబడిన బండికి వేగమే లేదు. అక్కడ కావలసింది లాగుడు బలం. ఆ బలాన్ని చక్రం జారకుండా పట్టాకు అందించగలగాలి.

లెక్క వేసి చూద్దాం. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ రకం వ్యాగన్ నిండా లోడు వేస్తే 81.28 టన్నులు తూగుతుంది. అలాంటివి 58 కలిపితే ఒక రేక్, అంటే సుమారు 4,700 టన్నులు. దాన్ని 200కి 1 ఎత్తు మీద, అంటే 200 మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కే చోట ఆపామనుకుందాం. ఇంజన్ బరువుతో కలిపి ఎత్తుకే 24 టన్నుల బలం పోతుంది. ఆగిన బండిని కదపడానికి టన్నుకి 4 కిలోల చొప్పున మరో 19 టన్నులు వేసుకోవాలి. మొత్తం 43. డబ్ల్యూడీఎం-2 మొదటి లాగుడులో ఇవ్వగలిగింది 30.4 టన్నులు. డబ్ల్యూడీజీ-3ఏ ఇచ్చేది 37.9. రెండూ చాలవు. డబ్ల్యూడీజీ-4 ఇచ్చేది 53 టన్నులు. ఒక్క ఇంజన్‌తో బండి కదులుతుంది.

ఇప్పుడు ఈ మూడింటినీ వాటి బరువుతో భాగించి చూడండి. డబ్ల్యూడీఎం-2 బరువు 112.8 టన్నులు, నిష్పత్తి 27 శాతం. డబ్ల్యూడీజీ-3ఏ 123 టన్నులు, దాదాపు 31 శాతం. డబ్ల్యూడీజీ-4 బరువు 126 టన్నులే, నిష్పత్తి మాత్రం 42 శాతం. మూడు టన్నుల బరువు పెరిగితే లాగుడు బలం పదిహేను టన్నులు పెరిగింది. ఇంజన్‌ని ఇంకా బరువుగా కట్టి పట్టు పెంచుకుందామంటే అప్పట్లో మన పట్టాలు, వంతెనలు ఇరుసుకి ఇంతకన్నా పెద్దగా ఎక్కువ మోసేవి కావు. ఆరు ఇరుసుల మీద 126 టన్నులంటే అప్పటికే ఇరుసుకి 21 టన్నులు. కాబట్టి ఈ తరగతి చరిత్రంతా ఉన్న బరువు నుంచే ఎక్కువ పట్టు పిండుకోవడం గురించి. ఇంజన్ గదిలో జరిగిన మార్పులు కూడా పెద్దవే, కానీ అవి దాని తర్వాతే.

పేర్ల సంగతి ముందే చెప్పుకుంటే మేలు. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, డీ అంటే డీజిల్, జీ అంటే గూడ్స్, ఎం అంటే గూడ్స్‌కీ ప్యాసింజర్‌కీ రెండిటికీ వాడేది. పాత పద్ధతిలో చివరి అంకె వరస సంఖ్య మాత్రమే. అందుకే 2600 హార్స్‌పవర్ ఇంజన్ డబ్ల్యూడీఎం-2 అయింది. తర్వాత అంకెకి వేల హార్స్‌పవర్, పక్కన అక్షరానికి వందలు అని మార్చారు. ఏ అంటే వంద, కాబట్టి 3ఏ అంటే 3100. మొదట డబ్ల్యూడీజీ-2గా పుట్టిన ఇంజన్ అలా డబ్ల్యూడీజీ-3ఏ అయింది. ఈ పద్ధతి కూడా ఎంతో కాలం నిలవలేదు. డబ్ల్యూడీజీ-4డీలో డీ అంటే నాలుగు వందలు కాదు, ఆ ఇంజన్ 4500 హార్స్‌పవర్‌ది, రెండు క్యాబులది. పేరు చూసి లెక్క కట్టేవాళ్లు ఇక్కడ తప్పుతారు.

డబ్ల్యూడీఎం-2 అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైన్. 1962లో దిగుమతి అయింది. వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ 1964 జనవరి నుంచి దాన్ని ఇక్కడే కట్టడం మొదలుపెట్టింది. 1969లో ఆల్కో మూతపడింది, కానీ దాని 251 ఇంజన్‌ని వారణాసి దశాబ్దాల తరబడి కడుతూనే వచ్చింది. 16 సిలిండర్లు, 228.6 మి.మీ. బోరు, 266.7 మి.మీ. స్ట్రోకు, ఫోర్ స్ట్రోక్, నిమిషానికి 1000 చుట్లు. ఆ దిమ్మ కొలతలు మార్చకుండానే 2600ని 3100 చేశారు: మెరుగైన టర్బోచార్జర్ (ఎగ్జాస్ట్ బలంతో గాలిని లోపలికి నెట్టేది), పెద్ద ఆఫ్టర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది), 15కి బదులు 17 మి.మీ. ఫ్యూయల్ పంపులు, వాల్వులు రెండూ తెరిచి ఉండే వ్యవధిని 140 డిగ్రీలకు పెంచిన క్యామ్‌షాఫ్టు. అసలు కంపెనీయే లేని డిజైన్‌ని ఇంత దూరం లాక్కొచ్చింది మన ఇంజనీర్లే. ఈ సంగతికి రావలసినంత పేరు రాలేదు.

1995లో వచ్చిన డబ్ల్యూడీజీ-3ఏలో ఉన్నది ఈ 3100 ఇంజనే. అదే ఇంజన్ డబ్ల్యూడీఎం-3ఏలోనూ ఉంది. మరి ఒక దాన్ని గూడ్స్‌కని వేరు చేసిందేమిటి? బోగీ (ఇక్కడ పెట్టె కాదు, ఇంజన్ కింద ఇరుసులుండే చట్రం), గేరు. డబ్ల్యూడీఎం-2లో ఉన్న ట్రైమౌంట్ బోగీ మీద బరువులో 60 శాతం మధ్య పివట్ మీద, మిగతాది రెండు పక్క బేరర్ల మీద పడుతుంది. లాగేటప్పుడు ఇంజన్ ముందు భాగం కొద్దిగా లేస్తుంది, వెనక భాగం అణుగుతుంది. దాంతో ముందు ఇరుసు తేలికై, మిగతా వాటికన్నా ముందు అదే జారుతుంది. ఇంజన్ లాగుడు బలానికి హద్దు ఆ ఒక్క ఇరుసు. డీజిల్ నేరుగా చక్రాన్ని తిప్పదు, కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటుతో ఇరుసుల దగ్గరి మోటార్లు తిరుగుతాయి. గూడ్స్ ఇంజన్‌కి వాడిన హై అడెషన్ (ఎక్కువ పట్టు) బోగీలో ఆ మోటార్లన్నీ ఒకే దిక్కుకి అమర్చారు, బరువంతా రబ్బరు స్ప్రింగులున్న పక్క బేరర్ల మీద పెట్టారు, మధ్య పివట్‌కి లాగుడు, బ్రేకు బలాలు మోయడం ఒక్కటే పని. గేరు నిష్పత్తిని 65:18 నుంచి 74:18 చేశారు. టాప్ స్పీడ్ 120 నుంచి 100కి దిగింది, లాగుడు పెరిగింది. 27 శాతం 31 అయింది ఈ మార్పులతోనే.

ఈ ఇంజన్లవన్నీ డీసీ మోటార్లు. అక్కడికి డీసీ మోటారు హద్దు వచ్చేసింది. డీసీ సిరీస్ మోటార్లో చక్రం జారితే వేగం ఒక్కసారిగా పైకి పోతుంది. రెండు మోటార్లు వరసగా కలిపి ఉంటే జారే మోటార్ బ్యాక్ ఈఎంఎఫ్ (తిరిగే మోటారు తనే పుట్టించే ఎదురు వోల్టేజీ) పెరిగి, వోల్టేజీలో ఎక్కువ వాటా తనే లాక్కుని ఇంకా జారుతుంది. ఆపకపోతే ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) చుట్టలు బయటికి ఉబ్బి మోటారే పోతుంది. అందుకే వీల్ స్లిప్ రిలే మోటార్ల మధ్య తేడా కనిపెట్టగానే పవర్ కోస్తుంది, ఇసుక వదులుతుంది. కానీ ఘాట్ మీద పవర్ కోయడమంటే ఊపు పోవడం. పట్టు దొరికే సరికి బండి నిలబడిపోతుంది. ఇసుకనే నమ్ముకుందామంటే వానాకాలంలో అది శాండ్ బాక్సులోనే చెమ్మకి గడ్డకట్టి గొట్టంలోంచి దిగదు. ఇసుక ఎక్కువగా కావలసిన రోజే అది పనికిరాని రోజు. ఇంజన్లను బాగుచేసే షెడ్‌లో ఇసుక ఎండబెట్టి నింపడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ఘాట్‌లో స్టాల్ అయిన (ఎక్కలేక నిలిచిపోయిన) బండ్ల వెనక చాలాసార్లు ఈ లోపమే ఉంటుంది.

డీసీ మోటార్‌కి రెండో హద్దు వేడి. నెమ్మదిగా పోతూ గట్టిగా లాగితే కరెంటు ఎక్కువ పారుతుంది. తిరిగే భాగానికి కరెంటు అందించే కమ్యుటేటరూ బ్రష్‌లూ ఆ వేడిని నిర్ణీత నిమిషాలు మాత్రమే తట్టుకుంటాయి. మోటారు ఎంత ఆంపియర్‌ని ఎంతసేపు మోయగలదో లోకో పైలట్ గుర్తుంచుకునే నడపాలి. నిలబడిన బండిని నాచ్ ఎనిమిదిలో (పవర్ లివర్ ఆఖరి మెట్టులో) పెట్టి కాసేపు చూద్దాం అనుకుంటే కమ్యుటేటర్ మీద ఫ్లాష్‌ఓవర్ (నిప్పుల మెరుపు), రక్షణకున్న గ్రౌండ్ రిలే ట్రిప్, ఆ తర్వాత సెక్షన్ (ఆ దారి) ఖాళీ చేయడానికి వేరే ఇంజన్.

ఈ రెండు హద్దుల్నీ ఒకేసారి దాటడానికి రైల్వే 1995 అక్టోబరులో జనరల్ మోటార్స్ వారి ఎలక్ట్రోమోటివ్ డివిజన్‌తో ఒప్పందం చేసుకుంది. మొత్తం 31 ఇంజన్లు, టెక్నాలజీ బదిలీతో సహా. అందులో 21 గూడ్స్‌వి, కంపెనీ పేరు జీటీ46మ్యాక్, మన పేరు డబ్ల్యూడీజీ-4. మిగతా పది ప్యాసింజర్‌కి, డబ్ల్యూడీపీ-4. మొదటి గూడ్స్ ఇంజన్లు 1999లో కట్టినవి కట్టినట్టే వచ్చాయి, నంబర్లు 12001 నుంచి. మరికొన్ని విడిభాగాలుగా వచ్చి వారణాసిలో కూర్చబడ్డాయి. ఆ తర్వాత వారణాసి సొంతంగా కట్టింది. తొలి ఇంజన్ల ఇల్లు హుబ్లీ షెడ్. అది ఊరికే దొరికిన చోటు కాదు. క్యాజిల్‌రాక్, కుళెం మధ్య బ్రగాంజా ఘాట్ 37కి 1 ఎత్తు. మనం పైన వేసిన 4,700 టన్నుల లెక్కని అక్కడ పెడితే ఎత్తుకే 127 టన్నులు పోతాయి. ఏ ఇంజన్‌కైనా అది పరీక్షే.

అంత బలాన్ని ముందునుంచే లాగలేం, ఇంకో కారణం ఉంది. వ్యాగన్ల మధ్య కప్లర్‌కి ఒక హద్దు ఉంటుంది. ముందు ఇంజన్ల బలమంతా మొదటి కప్లర్ మీదే పడుతుంది, అది దాటితే బండి రెండు ముక్కలవుతుంది. అందుకే ఘాట్‌లో కొన్ని ఇంజన్లు ముందు, కొన్ని బ్యాంకర్లుగా (నెట్టే ఇంజన్లుగా) వెనక. డబ్ల్యూడీజీ-4 వచ్చాక బ్యాంకర్లు మాయమైపోలేదు. అదే సంఖ్యలో ఇంజన్లతో ఎక్కువ లోడు ఎక్కింది, వాన రోజున స్టాల్ కావడం తగ్గింది.

దీని రహస్యం త్రీఫేజ్ ఏసీ ఇండక్షన్ మోటారు. ఆల్టర్నేటర్ నుంచి వచ్చిన కరెంటుని ముందు డీసీ చేసి, ఇన్వర్టర్ దాన్ని కావలసిన ఫ్రీక్వెన్సీలో మళ్లీ ఏసీగా మోటార్లకి ఇస్తుంది. ఇండక్షన్ మోటార్లో రోటరు, స్టేటర్ తిప్పే అయస్కాంత క్షేత్రం కన్నా కొద్దిగా వెనకబడి తిరిగితేనే బలం పుడుతుంది. చక్రం జారి వేగం పెరిగిందంటే రోటరు ఆ క్షేత్రాన్ని అందుకోబోతుంది, బలం దానంతటదే పడిపోతుంది. డీసీ మోటార్ జారితే రెచ్చిపోతుంది, ఇది జారితే చల్లబడుతుంది. కమ్యుటేటర్ లేదు, బ్రష్‌లు లేవు, కాబట్టి నడక వేగంతో పూర్తి బలంతో లాగినా మోటారుకి వచ్చే ముప్పు చాలా తక్కువ.

దీనిపైన కంప్యూటర్ ఇంకో మెట్టు ఎక్కిస్తుంది. చక్రం అస్సలు జారకుండా ఉంటే పట్టు ఎక్కువని మనకు తోస్తుంది గానీ నిజానికి చక్రం నేల వేగం కన్నా కాస్త ఎక్కువ తిరిగినప్పుడే పట్టు గరిష్ఠంగా ఉంటుంది. ఆ కాస్తను క్రీప్ అంటారు. దాటితే స్లిప్. క్రీప్‌ని అదుపులో ఉంచాలంటే నేల మీద అసలు వేగం ఎంతో తెలియాలి. ఆరు ఇరుసులకీ మోటార్లున్నాయి, ఆరూ జారుతూ ఉండవచ్చు, కాబట్టి చక్రం చుట్లని నమ్మలేం. అందుకే ఇంజన్ అడుగున ఒక రాడార్ పెట్టారు. అది నేల వైపు చూసి వేగం చెబుతుంది. దాని ముఖం మీద గ్రీజూ బురదా పేరుకుంటే ఇంజన్ ఆగిపోదు, కంప్యూటర్ చక్రాల లెక్కతోనే జాగ్రత్తగా నడిపిస్తుంది, లాగుడు తగ్గుతుంది. పైకి ఏ లోపమూ కనబడకుండా “ఈ ఇంజన్ ఎందుకో సరిగా లాగడం లేదు” అని లోకో పైలట్ ఫిర్యాదు రాసిన ఇంజన్‌కి ముందుగా చూడవలసిన చోట్లలో ఇదొకటి.

తొలి ఇంజన్లలో ఇన్వర్టర్లు రెండే, బోగీకి ఒకటి, సీమెన్స్ వారి జీటీఓ రకం (కరెంటుని కోసి కలిపే పాతతరం స్విచ్‌లున్నవి). ఒక్కో ఇన్వర్టర్ మూడు మోటార్లకీ ఒకే ఫ్రీక్వెన్సీ ఇస్తుంది. దీంట్లోంచి షెడ్‌కి ఒక కట్టుదిట్టమైన నియమం పుట్టింది: ఒక బోగీలోని మూడు చక్రాల జతల వ్యాసాలూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒక ఇరుసు చక్రం పెద్దదైతే అదే బండి వేగానికి దాని మోటారు నెమ్మదిగా తిరుగుతుంది. అంటే అయస్కాంత క్షేత్రానికి ఎక్కువ వెనకబడి, ఎక్కువ భారం నెత్తిన వేసుకుంటుంది. చిన్న చక్రం మోటారు తేలిగ్గా తప్పించుకుంటుంది. ఒక మోటారు వేడెక్కుతూ పక్కది చల్లగా ఉంటే మోటారు విప్పే ముందు చక్రాలు కొలవాలి. ఒక చక్రాన్ని లేత్ మీద చెక్కితే బోగీ మొత్తం చూసుకోవాలి.

రెండో చిక్కు: ఒక ఇన్వర్టర్ చెడిపోతే మూడు మోటార్లు ఒకేసారి పోతాయి. 4000 హార్స్‌పవర్ ఇంజన్ సగం ఇంజన్ అవుతుంది, ఫుల్ లోడ్‌తో ఎత్తులో ఉంటే అక్కడే నిలబడుతుంది. తర్వాతి కాలంలో కొత్త రకం స్విచ్‌లున్న ఐజీబీటీ ఇన్వర్టర్లు వచ్చాయి. కొన్నిట్లో ఇరుసుకొక ఇన్వర్టర్ పెట్టారు. అలాంటి వాటిలో ఒకటి పోయినా ఐదు మోటార్లతో సెక్షన్ ఖాళీ చేయవచ్చు, చక్రాల కొలత నియమం కూడా సడలింది.

ఇక ఇంజన్ గది. డబ్ల్యూడీజీ-4లో ఉన్న 710 ఇంజన్‌లోనూ 16 సిలిండర్లే, కానీ టూ స్ట్రోక్, నిమిషానికి 904 చుట్లు. పేరులోని 710 ఒక్కో సిలిండర్ ఘన అంగుళాలు. టూ స్ట్రోక్‌లో పిస్టన్ గాలిని తనకు తాను పీల్చుకోదు, బయటినుంచి తోయాలి. స్టార్ట్ చేసే సమయానికి టర్బోని తిప్పడానికి తగినంత ఎగ్జాస్ట్ ఉండదు. అందుకే టర్బోకి గేర్లతో క్రాంక్ నుంచి డ్రైవ్ ఇచ్చారు. పై నాచ్‌లలో ఎగ్జాస్ట్ బలం సరిపోగానే ఒక క్లచ్ గేర్లనుంచి విడిపోయి టర్బో స్వేచ్ఛగా తిరుగుతుంది. ఆల్కోలో ఈ ఏర్పాటు లేదు. నాచ్ తీయగానే డీజిల్ పెరుగుతుంది, గాలి ఆలస్యంగా వస్తుంది. స్టేషన్ వదిలేటప్పుడు ఆల్కో కక్కే నల్లటి పొగ మబ్బుకి కారణం ఇదే. రైలు ప్రియులకి అది అందం, రైల్వేకి కాలని డీజిల్.

ఈ టర్బో విషయంలో చేసే ఒక తప్పు ఖరీదు పెద్దది. ఇంజన్ ఆపిన తర్వాత కూడా టర్బో బేరింగులు బాగా వేడిగా ఉంటాయి. అందుకని విడిగా ఒక చిన్న లూబ్ పంపు సుమారు అరగంటకు పైగా నూనె తిప్పుతూనే ఉంటుంది. ఇంజన్ ఆపాం కదా అని వెంటనే బ్యాటరీ నైఫ్ స్విచ్ లాగేస్తే ఆ పంపు ఆగిపోతుంది, బేరింగు మీద మిగిలిన నూనె మాడుతుంది, బేరింగు దెబ్బతింటుంది. లోపం ఆ రోజు కనబడదు. కొన్ని వారాల తర్వాత టర్బో పట్టేసినప్పుడు ఎవరు ఎప్పుడు స్విచ్ లాగారో ఎవరికీ గుర్తుండదు. చాలాసేపు ఆపి ఉంచిన ఇంజన్‌ని స్టార్ట్ చేసే ముందు టెస్ట్ కాక్‌లు (సిలిండర్ల చిన్న కుళాయిలు) తెరిచి చేత్తో తిప్పి, సిలిండర్లోంచి నీరు రావడం లేదని చూసుకోవడం ఆల్కోకీ దీనికీ ఉమ్మడి నియమం. నీరు నొక్కుడుకి లొంగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

మరమ్మతు పద్ధతిలోనూ తేడా ఉంది. 710లో హెడ్, లైనర్, పిస్టన్, రాడ్ కలిపి ఒకే పవర్ అసెంబ్లీ. ఒక సిలిండర్ చెడితే మొత్తం కట్టని ఎత్తి బయటపెట్టి కొత్తది దించవచ్చు. ఆల్కోలో లైనర్ రబ్బరు రింగులు కారి నీరు క్రాంక్‌కేసులోకి దిగడం పాత తలనొప్పి.

నడిపేవాళ్ల ఫిర్యాదు మాత్రం పట్టు గురించీ పవర్ గురించీ కాదు. డబ్ల్యూడీజీ-4కి క్యాబు ఒక కొసలోనే. తిప్పే వీలు లేని చోట లాంగ్ హుడ్ (ఇంజన్ గది ఉన్న పొడవాటి భాగం) ముందుకు పెట్టి నడపాలి. పొడవాటి ఇంజన్ గది పక్కనుంచి తొంగి చూస్తూ సిగ్నల్ వెతుక్కోవాలి, హుడ్ అడ్డొచ్చే వంపు వస్తే అసిస్టెంట్ కళ్లే ఆధారం. మోటార్లకీ ఇన్వర్టర్లకీ అంత శ్రద్ధ పెట్టి మనిషి కూర్చునే చోటుని పట్టించుకోకపోవడం ఈ తరగతిలో పెద్ద లోపం. అది సరిదిద్దడానికి దశాబ్దానికి పైగా పట్టింది. రెండు క్యాబుల డబ్ల్యూడీజీ-4డీ 4500 హార్స్‌పవర్‌తో వచ్చింది. దాదాపు అదే కాలంలో కొత్త ఇంజన్లలో 25 హార్స్‌పవర్ చిన్న డీజిల్ యూనిట్ అమర్చడం మొదలైంది. యార్డులో గంటల తరబడి ఆగిన పెద్ద ఇంజన్ ఐడ్లింగ్‌లో గంటకి 25 లీటర్లు తాగుతుంటే, దాన్ని ఆపేసి బ్యాటరీ చార్జింగ్, బ్రేకు గాలి ఈ చిన్నదానికి అప్పగిస్తే 3 లీటర్లతో సరిపోతుంది.

తెలుగు నేల మీద గుత్తి, కాజీపేట, విశాఖపట్నం షెడ్లు ఈ గూడ్స్ డీజిళ్లకి పేరు తెచ్చుకున్న చోట్లు. ఘాట్‌లో ఎక్కడం ఒక్కటే కష్టం కాదని విశాఖ వైపు చూస్తే అర్థమవుతుంది. కొత్తవలస, కిరండూల్ లైన్‌లో బైలదిల్లా ఇనుప ఖనిజం లోడు 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ నుంచి మైదానానికి దిగాలి. ఆ లైన్‌కి 1980ల మొదట్లోనే కరెంటు వచ్చింది కాబట్టి అక్కడి డీజిల్ కాలం పాత ఆల్కోలది. లోడుతో దిగేటప్పుడు బ్రేకు బ్లాకులనే నమ్ముకుంటే చక్రాలు కాలిపోతాయి. మోటార్లనే జనరేటర్లుగా తిప్పి, పుట్టిన కరెంటుని ఇంజన్ మీది గ్రిడ్‌లలో (రెసిస్టర్లలో) వేడిగా వదిలేసే డైనమిక్ బ్రేకే దారి. డీసీ ఇంజన్లలో వేగం బాగా తగ్గేసరికి ఆ బ్రేకు బలం జారిపోతుంది. డబ్ల్యూడీజీ-4 ఏసీ మోటార్లు చాలా తక్కువ వేగం వరకూ పట్టి ఉంచుతాయి. ఎక్కేటప్పుడు లెక్కకొచ్చిన పట్టే దిగేటప్పుడూ కాపాడుతుంది.

2015 నవంబరులో అమెరికన్ కంపెనీ జీఈతో వెయ్యి ఇంజన్లకి ఒప్పందం కుదిరింది, బీహార్‌లోని మఢౌరాలో ఫ్యాక్టరీ వచ్చింది. అక్కడి డబ్ల్యూడీజీ-4జీ కూడా 4500 హార్స్‌పవరే, కానీ ఫోర్ స్ట్రోక్ ఎవల్యూషన్ ఇంజన్. ఈలోగా దాదాపు లైన్లన్నిటికీ కరెంటు తీగలు వచ్చేశాయి. 2019 ఫిబ్రవరిలో వారణాసి రెండు డబ్ల్యూడీజీ-3ఏల దేహాలను జోడించి 10,000 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ జంటగా మార్చి చూపింది. మరుసటి ఏడు ఆ కర్మాగారం పేరులోంచి డీజిల్ అన్న మాటే పోయి బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అయింది. గుత్తి డీజిల్ షెడ్‌లో ఇప్పుడు డబ్ల్యూఏజీ-9 ఎలక్ట్రిక్ ఇంజన్లు నిలబడుతున్నాయి. వాటిలోనూ ఉన్నవి త్రీఫేజ్ ఇండక్షన్ మోటార్లే కాబట్టి, ఇన్వర్టర్, క్రీప్, చక్రాల కొలత గురించి డబ్ల్యూడీజీ-4 మీద నేర్చుకున్నది షెడ్ సిబ్బందికి అక్కడా అక్కరకొస్తోంది.